అలకపాన్పు మీద బ్యాంకులు

2020 మార్చి. దేశానికి తాళం పడింది. కొట్లు మూతపడ్డాయి, గల్లాపెట్టెలు ఖాళీ. చేబదులు కూడా పుట్టని రోజులు. సరిగ్గా అప్పుడే మన బ్యాంకులు అలకపాన్పు ఎక్కాయి. మామగారు రిజర్వు బ్యాంకు. ఇంకేం, బుజ్జగింపులు మొదలు.

మార్చి 27న రెపో రేటు, అంటే బ్యాంకులకు తామిచ్చే అప్పు మీది వడ్డీ, 5.15 నుంచి 4.40 శాతానికి దించారు. బ్యాంకులు తమ దగ్గర విధిగా ఉంచాల్సిన నగదు నిల్వల నిష్పత్తిని ఒక శాతం తగ్గించి 1.37 లక్షల కోట్లు చేతికి వదిలారు. తీసుకో నాయనా, నలుగురికీ అప్పులివ్వు అన్నారు. అల్లుడు తీసుకున్నాడు. పెరటిదారిన వెళ్లి మామగారి ఇనప్పెట్టెలోనే దాచి, దానికి వడ్డీ కట్టమన్నాడు! ఈ ముచ్చటకే రివర్స్ రెపో అని పేరు. ఏప్రిల్ 15న ఆ పెట్టెలో మూలుగుతున్నది 6.9 లక్షల కోట్లు. ఈ లెక్క చెప్పింది గిట్టనివాళ్లు కాదు, సాక్షాత్తూ అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు శక్తికాంత దాస్ గారే.

మామగారికి ఒళ్లు మండింది. మండి ఏం చేశారు? ఆ వడ్డీని ఏప్రిల్‌లో 4 నుంచి 3.75కి, మేలో 3.35కి కోశారు. నూటికి పావలా, నలభై పైసలు: అదీ మామగారి ఉగ్రరూపం.

ఇక ఢిల్లీ దిగింది. మే 13న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు చిన్న పరిశ్రమలకు 3 లక్షల కోట్ల పథకం చదివారు. తాకట్టు అక్కర్లేదు, బాకీ మునిగితే నూటికి నూరూ సర్కారుదే పూచీ. అలక సడలింది. పైసా నష్టం రాదంటే మన బ్యాంకుల ధైర్యసాహసాలకు లోటేముంది! అయితే ఇచ్చేది ఎవరికి? ఫిబ్రవరి 29 నాటికే బాకీ ఉన్నవాడికి, ఆ బాకీలో 20 శాతం. ఎవరి దగ్గరా చేయి చాచకుండా కొట్టు నడుపుకున్న పిచ్చిమారాజుకి సున్నాలో 20 శాతం.

మేనేజరును తిట్టి లాభం లేదు. ఇచ్చిన అప్పు మునిగితే విజిలెన్సు వస్తుంది, పింఛను మీదికి వస్తుంది. ఇవ్వని అప్పు మీద ఏ విచారణా వేయరు. (వేల కోట్లు అడిగే పెద్దమనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఈ భయం ఏ బీరువాలో దాక్కుంటుందో!) అంత తెలిసీ మేనేజరు కుర్చీలోని ఆ భయం జోలికి ఎవరూ పోరు. మళ్లీ రేటే కోస్తారు.

జూన్ 1న తోపుడుబళ్లవాళ్లకూ పదివేల అప్పు పథకం వచ్చింది. గుర్తింపు కార్డు, లేదంటే మున్సిపాలిటీ చీటీ తెమ్మన్నారు. చీటీ వచ్చేలోగా డైలీ ఫైనాన్స్ ఆసామి బైకు దిగి, తొమ్మిది వేలు చేతిలో పెట్టి పదివేలు రాసుకుంటాడు. అప్పులివ్వవయ్యా అని ఆయన్ని బతిమాలాల్సిన అగత్యం మాత్రం ఇంతవరకూ ఏ గవర్నరుకూ రాలేదు.