ఓ స్కాలరూ, రేపు రా!

ఇప్పుడు ఏ పరిశోధన పత్రం తిరగేసినా చివర ఆ వాక్యం ఉండాల్సిందే: 'సహేతుకంగా కోరినవారికి డేటా ఇవ్వబడును.' దయ్యం ఇంట్లోకి రాకుండా ఒకప్పుడు తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. మన ఆచార్యులు అదే మాట కాస్త మర్యాదగా రాస్తున్నారు.

నాకు ఒక పత్రంలోని వరి పొలాల నేల తేమ లెక్కలు కావాల్సివచ్చాయి. అడిగాను. ఎందుకన్నారు. చెప్పాను. మీది ఏ సంస్థ అన్నారు. చెప్పాను. హెచ్‌ఓడీ సంతకంతో లెటర్ అన్నారు. పంపాను. ఆ పని చేసిన కుర్రాడు పీహెచ్‌డీ అయిపోయి వెళ్లిపోయాడు, ల్యాప్‌టాప్ కూడా అతనిదే అన్నారు. తొమ్మిదో మెయిల్‌కి జవాబే లేదు.

అప్పటినుంచి 'సహేతుకం' మీద నేనే పరిశోధన మొదలుపెట్టాను. మీ లెక్క సరిచూస్తానంటే అది అనుమానం, సహేతుకం కాదు. మీ అంకెలతో కొత్త పత్రం రాస్తానంటే దోపిడీ, సహేతుకం కాదు. ఊరికే చూస్తానంటే పనిలేనివాడి కోరిక, అసలే కాదు. మీ పత్రం అద్భుతం అంటే మాత్రం సహేతుకమే. కానీ అలాంటివాడికి డేటా ఎందుకు?

కోరిక ఏదైనా, అది సహేతుకమో కాదో తేల్చేది దాచుకున్నవాడే. కంచె ఎవరిదో, తీర్పూ వాడిదే.

ఇది నా ఒక్కడి ఏడుపు కాదు. 'అడిగితే ఇస్తాం' అని రాసిన 1,792 పత్రాల వారిని నిజంగానే అడిగి చూశారు; ఆ అధ్యయనం 2022లో వచ్చింది. ఇచ్చింది 122 మంది.

'సైంటిఫిక్ డేటా' అనే డేటా జర్నల్ 2014 నుంచీ ఉందిగా, అంకెలకే ఒక పత్రం రాయొచ్చుగా అని ఒక పెద్దాయన్ని అడిగాను. "అక్కడ అంకెలు బయటపెట్టాలటయ్యా!" అని నొచ్చుకున్నారు.

ఎవరి అంకెలండీ అవి? జీతం జనం పన్ను. సెన్సర్ జనం పన్ను. పొలం రైతుది. ఎండలో గట్ల వెంట తిరిగింది, స్టైపెండ్ కోసం ఎదురుచూసే స్కాలర్. మీది పేరొక్కటే. అంకెలు దాస్తే ఏమవుతుందో చూశాం: కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడకంపై 2020లో లాన్సెట్‌లో వచ్చిన పత్రం మరిచిపోయారా? పూర్తి డేటా చూపమంటే, ఆ పత్రానికి అంకెలిచ్చిన సర్జిస్ఫియర్ కంపెనీ ఇవ్వలేదు. రెండు వారాల్లో పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈలోగా డబ్ల్యూహెచ్‌ఓ ఆ మందు ట్రయల్‌నే తాత్కాలికంగా ఆపేసింది. చూపించని అంకె రుజువు కాదు, పుకారు.

ఇవ్వకూడదనుకుంటే 'ఇవ్వం' అని రాయండి, సరిపోతుంది. రోజూ వచ్చి తలుపు చదువుకుని వెళ్లే ఓపిక ఆ దయ్యానికి ఉందేమో. నాకు లేదు.