పొదుపు పేరిట సీసాలు

తెలుగు నగరాల అపార్టుమెంట్లలో వంటింటి అరలకు ఇటీవల అబ్బిన శోభను గమనిస్తే, ఉప్పూ పప్పూ దాచుకునే పనిని పూర్వులు ఎంత అలక్ష్యంగా సాగించారోనని విచారం కలగక మానదు. ఒకే ఎత్తున, ఒకే వెడల్పున, వెదురు మూతలతో బారులు తీరిన గాజు సీసాలు, వాటిమీద వాలు అక్షరాల చీటీలు, ఆ బారుపై వెలుగు పడేట్టు అమర్చిన చిన్న దీపాలు, ఇవన్నీ కలిస్తే 'ప్యాంట్రీ ఆర్గనైజింగ్' అవుతుంది, అంటే సరుకుల అరను తీర్చిదిద్దే విద్య. ఈ విద్యను బోధించేవారు గృహస్థులకు రెండు వాగ్దానాలు చేస్తారు. ఒకటి, ఇంటి ఖర్చు తగ్గుతుంది. రెండు, దినుసులు తాజాగా నిలుస్తాయి. రెండూ కోరదగినవే గనుక, అవి ఏ మార్గాన సిద్ధిస్తాయో ఒక్కొక్క మెట్టుగా పరిశీలించడం ఉచితం.

పొదుపుకు మొదటి మెట్టు కొనుగోలు. ఇంట్లో అప్పటికే ఉన్న హార్లిక్స్ సీసాలు, నెయ్యి డబ్బాలు, పెళ్లిలో వచ్చిన స్టీలు డబ్బాలు సరుకు దాచడానికి పనికిరావని కాదు. వాటికి ఒకదానితో ఒకటి ఈడూజోడూ కుదరదు గనుక అవి అనర్హమవుతాయి. వాటి స్థానంలో 24 సీసాల సెట్టు వస్తుంది. రోజువారీ పోపుకూ కూరకూ పులుసుకూ కావలసిన దినుసులు పదిహేను దాటడం అరుదు. మిగిలిన సీసాలు ఖాళీగా ఉంటే అర బోసిపోతుంది. కాబట్టి వాటి కడుపు నింపడానికి ఒరెగానో, థైమ్, రోజ్‌మేరీ, పాప్రికా మొదలైనవి దిగుమతి అవుతాయి. పాప్రికా అంటే సాధారణంగా కారం తక్కువగా, రంగు ఎక్కువగా ఉండే మిరప పొడి; ఆ పని చేయగల బ్యాడిగి మిరప పక్కనున్న కర్ణాటకలోనే పండుతుంది. ఒరెగానో అంటే మధ్యధరా ప్రాంతపు ఒక ఆకు. దాని ఘాటుకు మూలమైన కార్వక్రాల్, థైమాల్ అనే తైల పదార్థాలు బజ్జీల కోసం బాల్కనీ కుండీలో పెంచుకునే వామాకులోనూ ఉంటాయి. అయితే వామాకు పచ్చగా, ఉచితంగా, చేతికందేంత దూరంలో ఉంటుంది గనుక సీసాలోకెక్కే యోగ్యత దానికి లేదు. పిజ్జాతోపాటు ఊరికే వచ్చిన ఒరెగానో పొట్లాలు అదే వంటింటి సొరుగులో, పాత బిల్లుల కింద, నెలల తరబడి పడి ఉంటాయన్నది వేరే సంగతి.

రెండవ మెట్టు 'డీకాంటింగ్', అనగా ప్యాకెట్టులోని సరుకును సీసాలోకి ఒంపడం. తయారైన తేదీ, బ్యాచ్ సంఖ్య, ఎప్పటిలోగా వాడాలన్న గడువు ప్యాకెట్టు మీద అచ్చై ఉంటాయి; అందానికి అడ్డుపడే ఈ సమాచారమంతా చెత్తబుట్టకు చేరి, దానికి బదులు సీసా మీద 'ఆవాలు' అనే చీటీ వెలుస్తుంది. గాజులోంచి ఆవాలు ఆవాలుగానే కనబడుతుండగా వాటిని ఆవాలని ప్రకటించవలసిన అగత్యం ఎవరికి కలిగిందో గాని, అవి ఎప్పుడు కొన్నవో మాత్రం ఆ అరలో ఏ చీటీ చెప్పదు. ఆపైన సీసా సగానికి తగ్గితే చూపుకు వెలితి గనుక, పాత ధనియాల పొడి మీదే కొత్తది పోస్తారు. చెంచా ఎప్పుడూ పై పొరనే తీస్తుంది. అడుగు పొర ఏళ్ల తరబడి కదలక మెదలక ఉండి, ఒకనాడు పురుగు పట్టి, పైనున్న కొత్త సరుకుకు ఆ ఆస్తిని పంచిపెడుతుంది.

మూడవ మెట్టు ప్రదర్శన. మసాలా దినుసుల వాసనకు ఆధారం వాటిలోని బాష్పశీల తైలాలు, అంటే గాలి తగిలితే ఆవిరై ఎగిరిపోయే నూనెలు. వేడి, వెలుతురు, గాలి, తేమ అనే నాలుగూ ఈ తైలాలకూ దినుసుల రంగుకూ శత్రువులు కాగా, కొత్త విద్య నలుగురికీ ఆహ్వానం పంపుతుంది. అర పొయ్యి పక్కనే గనుక వేడి, సీసా పారదర్శకం గనుక వెలుతురు, వెదురు మూత వదులు గనుక గాలి వచ్చి చేరతాయి. తేమ లోటును చిల్లుల మూత తీరుస్తుంది. తెర్లుతున్న పులుసు మీద సీసాను బోర్లించి దులిపినప్పుడల్లా ఆవిరి ఆ చిల్లుల గుండా లోపలికెక్కగా, కొన్నాళ్లకు కారం ఉండకట్టి, చెంచా కాడతో పొడిస్తే తప్ప రాని స్థితికి వస్తుంది. మిరపకు ఎరుపునిచ్చే కెరోటినాయిడ్లు వెలుతురుకు వెలిసిపోతాయి గాని, మంటనిచ్చే క్యాప్సైసిన్ అంత తేలిగ్గా చెదరదు. కాబట్టి కూరకు ఎర్రదనం తేవాలని వెలిసిన కారం మరో చెంచా వేసినవారు, రంగు రాకపోగా కన్నీళ్లు మిగుల్చుకుంటారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు గాజు సీసా తెచ్చిన సవరణ ఒక్కటే, ఇప్పుడు లొటారాన్ని కూడా దీపాల వెలుగులో తిలకించవచ్చు.

దీనికి భిన్నంగా పోపుల పెట్టెలో, అనగా ఒకే మూత కింద చిన్న గిన్నెలు ఇమిడిన గుండ్రటి స్టీలు డబ్బాలో, కొద్ది రోజుల వాడకానికి మించి పట్టదు. రోజుకు పలుమార్లు తెరుచుకునేది అదే గనుక వాసన పోయినా ఆ పిడికెడు దినుసుదే పోతుంది. అసలు నిల్వ పింగాణీ జాడీలోనో బిగువు మూత డబ్బాలోనో చీకట్లో ఉండి, గిన్నెలు నింపుకునే నాడు మాత్రమే బయటి గాలి చూస్తుంది. కందిపప్పుకు ఆముదం పట్టించడం, చింతపండు గింజ తీసి ఉప్పు కలిపి జాడీకెత్తడం ఈ ఏర్పాటులోని భాగాలే. వీటికున్న లోపమల్లా ఫొటోకు పనికిరాకపోవడం.

ఇక ఖర్చు సంగతి. ఇలాంటి అరలకు తగినట్టుగా అమ్మే చిన్న మసాలా సీసాల మీద గరిష్ఠ చిల్లర ధర పక్కన 'యూనిట్ విక్రయ ధర' ఉంటుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనలకు 2021లో చేసిన సవరణతో వచ్చిన ఈ సంఖ్య, కిలోకు లోపు తూకమున్న ప్యాకెట్టుకు గ్రాము ధరను తెలుపుతుంది. గ్రాము 4 రూపాయలంటే మనసు నొచ్చుకోదు. దాన్ని వెయ్యితో హెచ్చవేసి కిలో 4,000 రూపాయలని గ్రహిస్తే నొచ్చుకుంటుంది గనుకనే కాబోలు, ప్యాంట్రీ పాఠాలలో గుణకారానికి చోటు దొరకలేదు. గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయ వెల్లువెత్తేదీ, నిజామాబాదు, దుగ్గిరాల మార్కెట్లకు పసుపు కొమ్ములు చేరేదీ, కొత్త చింతపండు దిగేదీ శివరాత్రికీ ఉగాదికీ అటూఇటూగానే. ఎండలూ అప్పుడే ముదురుతాయి గనుక, ఏడాది సరుకు కొని, ఎండబెట్టి, తొడిమలు తీసి, మిల్లుకిచ్చి కారం ఆడించుకోవడం ఋతువును బట్టి ఏర్పడిన లెక్క. అంత ఓపిక లేనివారికి హైదరాబాదు బేగంబజారు వంటి టోకు అంగళ్లు ఉన్నాయి. అయితే విడిగా కొనవలసింది గింజలనూ కాయలనూ కొమ్ములనూ మాత్రమే. పొడుల్లో రంగులూ ఇటుక పొడీ కలిసినా కంటికి పట్టుబడవు, 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు కూడా మసాలా పొడులను ప్యాక్ చేయకుండా అమ్మరాదన్నాయి. పైగా గింజ పగలనంత కాలం లోపలి తైలం చాలావరకు పదిలం గనుక పొడికన్నా గింజ ఎక్కువ నాళ్లు నిలుస్తుంది.

టోకు అంగడిని కనుగొన్న పొదుపరుల్లో మరో తెగ ఉంది. వీరు చవక అనే మాట చెవిన పడగానే లవంగాలు అరకిలో, జాజికాయ పావుకిలో తూయించుకుని, నలుగురున్న ఇంటికి ఓ హోటలుకు సరిపడే నిల్వ చేరుస్తారు. ధనియాలూ ఎండుమిరపకాయలూ ఖర్చయ్యే వేగానికీ జాజికాయ అరిగే వేగానికీ పోలిక లేదు. వాసన చచ్చేలోగా వాడలేని సరుకును సగం ధరకు కొన్నా, ఆ సగం ధరా దండుగే.

సీసాల పక్షాన ఒక వాదం మిగిలి ఉంది: ఫ్లాట్లలో చీకటి గదులు లేవు, డాబా అందరిది, ఉద్యోగాలు చేసుకునేవారికి కారం ఆడించే తీరిక లేదు. ఇది నిజమే. కాని తలుపున్న అలమరా ఏ ఫ్లాటులోనైనా ఉంటుంది. మూడు నెలలకు సరిపడా గింజలు కొనడానికీ, పాత డబ్బా ఖాళీ చేశాకే కొత్తది పోయడానికీ, మూత మీద కొన్న నెల రాయడానికీ డాబా అక్కరలేదు, సెలవు పెట్టనక్కరలేదు. ఈ పద్ధతి అంతగా ప్రచారంలోకి రాకపోవడానికి కారణం అది కష్టమైనదవడం కాదు. పాత డబ్బా, పెన్ను, చిన్న కాగితం ముక్క తప్ప మరేదీ అడగని విద్యను బోధించడంలో ఎవరికీ లాభం లేదు.