మొక్క పట్టుకో, మాట ఎత్తకు

జూన్ 5, పర్యావరణ దినం వచ్చిందంటే చాలు, యువతకు పిలుపొస్తుంది. గుంత ముందు రోజే తవ్వేసి ఉంటుంది. పక్కన షామియానా, షామియానా కంటే పెద్ద ఫ్లెక్సీ. కాలేజీ బస్సు దిగిన పిల్లలకు తలా ఒక టోపీ, ఒక సమోసా. మొక్క ఒక్కటే, పట్టుకునే చేతులు మాత్రం పద్నాలుగు. నర్సరీ నల్ల కవరు విప్పకుండా అలాగే పాతేసినా ఫర్వాలేదు, ఫొటోలో కవరు పడదు. "రేపటి నగర నిర్మాతలు మీరే" అని పెద్దాయన ఇంకో సభకు కారెక్కుతాడు. వచ్చే ఏడాది మళ్లీ అదే గుంత. తవ్వుడు కూలీ మిగులు.

చట్టానికి మాత్రం ఈ సరదాలు లేవు. తెలంగాణ పురపాలక చట్టం, 2019 తీసి చూడండి. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే వార్డు సభ్యుడి పదవికే ఎసరు. మొక్క చచ్చి పదవి పోగొట్టుకున్న కౌన్సిలర్ ఎవరైనా మీ ఊళ్లో ఉంటే చెప్పండి, వచ్చి దండం పెట్టుకుంటాను.

"యువత ముందుకు రావాలి" అంటారు గానీ ఎంత ముందుకో ఎవరూ చెప్పరు. ఆ కొలత 2025 ఉగాదికి హైదరాబాద్‌లో తేలింది. 2022లో కొరియా వెళ్లి ప్రపంచ హరిత నగర అవార్డు తెచ్చుకున్న నగరం అది. ఉగాది పచ్చడి చేదు ఇంకా నాలుక మీద ఉండగానే, సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. ఐటీ పార్కులకు వేలం వేయాలి మరి. విద్యార్థులు అడ్డుపడ్డారు. వ్యాన్లెక్కించారు, కేసులు పెట్టారు. నెమళ్లు, జింకల వీడియోలు బయటికొస్తే, అందులో కొన్ని ఏఐతో చేసినవంటూ వాటిని పంచుకున్నవాళ్ల మీదా కేసులే. నెమలి నిజంగా ఏడ్చిందో లేదో విచారించేంత తీరిక పోలీసులకు దొరికింది గానీ, దాదాపు 100 ఎకరాల చెట్లు నేలకూలడం మాత్రం ఏ ఏఐ చేసిన పనీ కాదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటేనే యంత్రాలు ఆగాయి. వరస సెలవులు చూసుకుని అంత తొందరేమొచ్చిందని అదే నెల 16న అడిగింది కూడా. విద్యార్థుల మీది కేసులు వెనక్కి తీసుకుంటామన్నారు లెండి, ప్రభువులు దయామయులు.

ఆ పిల్లలు చేసిన తప్పల్లా ఒక్కటే. నాటమన్న మొక్కను వదిలేసి, ఎవరూ నాటక్కర్లేని చెట్టును పట్టుకున్నారు.

అలాగని కుర్రకారును నెత్తిన పెట్టుకుని ఊరేగనక్కర్లేదు. పద్దెనిమిదో అంతస్తులో ట్యాంకర్ నీళ్లతో స్నానం చేసి, ఒక్కడే కారులో కూర్చుని, ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, పర్యావరణం మీద రీలు చేసే వీరులూ వీళ్లలోనే ఉన్నారు. 2020 అక్టోబరులో ఈ నగరంలో కాలనీలకు కాలనీలే మునిగాయి. కార్లు పడవల్లా తేలాయి. చెరువులు ఎవరు మింగారని ఫోన్లలో యుద్ధాలు జరిగాయి. డిసెంబరు 1న కార్పొరేషన్ ఓట్లు పెడితే పోలైంది 46 శాతం చిల్లర. రానివాళ్లలో మీరెందరో మీకే తెలుసు.

నగరం గుంతల్లో తయారవదు, కాగితాల్లో తయారవుతుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో ఇష్టారాజ్యంగా కట్టడానికి వీల్లేదంది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. జలాశయాలు చెడకుండా చూస్తామని ఒక మాట మాత్రం అందులో రాసుకున్నారు. ఏ కాలేజీ బస్సూ అక్కడికి కదల్లేదు. జీవో పక్కన నిలబడితే సెల్ఫీ బాగా రాదు కదా!

కాబట్టి బాబూ, అమ్మాయీ, టోపీ తీసి పక్కన పెట్టండి. 21 ఏళ్లు నిండితే మున్సిపల్ ఎన్నికల్లో మీరే నిలబడొచ్చు. అంత ఓపిక లేదంటారా? హైదరాబాద్ కార్పొరేషన్‌కు వేరే చట్టం ఉంది, దాన్ని పక్కన పెట్టండి. మిగతా పట్టణాల్లో, నేను పైన చెప్పిన 2019 చట్టమే, ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలుండాలంది. అందులో ఒకటి అచ్చంగా యువతది, 15 మందితో. మీ వార్డులో ఆ 15 మంది ఎవరు? ఎప్పుడు కూర్చున్నారు, ఏం రాశారు? అందరూ కౌన్సిలర్ గారి బావమరిది స్నేహితులేనా, లేక అసలు కాగితమే లేదా? మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి పేర్లూ, మినిట్సు పుస్తకం నకలూ ఇమ్మని సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. అర్జీ ఫీజు 10 రూపాయలు దాటదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.