నీళ్లు తాగే రోడ్డు: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హైదరాబాద్ నగరపాలక కమిషనర్ గారికి,

ట్యాంకరు నీళ్లు కుమ్మరిస్తుంటే గుటగుటా తాగేసే రోడ్డు వీడియో ఎవరో ఒకరు మీకు చూపించే ఉంటారు. ముచ్చటపడండి, తప్పులేదు. ఆ రోడ్డు ఫైలు మీద సంతకం మాత్రం ఈ ఉత్తరం చదివాక పెట్టండి.

అందులో మాయేమీ లేదు. మామూలు తారురోడ్డులో ఇసుక, సన్నకంకర సందులు పూడ్చేస్తాయి. ఇందులో ఆ సన్నరకాన్ని చాలావరకు తీసేస్తారు కాబట్టి నూటికి 20 పాళ్లు ఖాళీయే. నీరు ఆ ఖాళీల్లోకి దిగి, అడుగున నీరింకని పొర మీదుగా పక్కకు జారి, అంచున కాలువలో పడుతుంది. మన కాలువ ఎక్కడుందో తమకు తెలియనిదా? చెత్త కింద.

నెదర్లాండ్స్ హైవేలు చాలావరకు ఇలాంటివే. వానలో తుంపర పెద్దగా లేవదు, టైర్ల మోతా తగ్గుతుంది. దూసుకెళ్లే టైర్లే నీటిని సందుల్లోకి నొక్కి, మళ్లీ లాగి, మట్టిని కడిగేస్తాయి. బండ్లు తిరగని ఎమర్జెన్సీ లేను మాత్రం పూడుకుపోతుంది. దానికి గట్టిగా నీళ్లు చిమ్మి బురద పీల్చే యంత్రం కావాలి. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో ఏ టైరు ఏ మట్టిని కడుగుతుందండీ? మనకు ఊరంతా ఎమర్జెన్సీ లేనే!

పైగా టార్పాలిన్ కప్పని ఇసుక లారీలు, సెల్లారు తవ్వకాల నుంచి ఎర్రమట్టి మోసుకొచ్చే టిప్పర్లు. ఊడ్చిన దుమ్మును కుప్పపోసేదీ అంచునే, అంటే నీరు బయటపడాల్సిన చోటే. కేబులు కోసం తవ్వి మామూలు తారుతో అతుకేస్తే, లోపల పారే నీటికి అదే అడ్డుకట్ట.

ఇంకో లెక్క. 5 సెంటీమీటర్ల పొరలో 20 శాతం ఖాళీ అంటే, కొత్తలో సైతం అది పట్టి ఉంచేది 10 మిల్లీమీటర్ల వానే. రాత్రికి రాత్రి 100 మిల్లీమీటర్లు కొడితే మిగతాదంతా ఆ పాత కాలువల నెత్తినే. ఇది వరదకు మందు కాదు.

వేసి తీరాలంటే బండ్లు వేగంగా పోయే ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట కొంత మేర వేసి చూడండి. కడిగే ఖర్చును టెండర్లోనే రాయించండి. ఆరు నెలలకోసారి బకెట్టు నీళ్లు పోసి, ఎన్ని సెకన్లలో దిగాయో జనం ముందే కొలిచాక బిల్లు పాస్ చేయండి. కడిగే యంత్రం కొనలేకపోతే మాత్రం, దయచేసి ఈ రోడ్డు జోలికి పోకండి.

ఇట్లు,
పన్ను బకాయి లేని ఒక పౌరుడు