సోనౌలీ సారు

జైనూర్‌లో ఎవరినైనా ఆపి సోనౌలీకి దారెటు అని అడగండి. నాగపూర్ పోయి, జబల్‌పూర్ దాటి, గోరఖ్‌పూర్ అవతల నేపాల్ సరిహద్దు మీద ఉందని ఎవరూ చెప్పరు. బస్టాండు వెనక గల్లీలో పోండి, గేటు ముందు ఆకుపచ్చ నంబరు ప్లేటు కారు కనపడుతుంది, అదే సోనౌలీ అంటారు. ఆ కారు మా సోనౌలీ సారుది. ఆయనకు అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ దాన్ని జీతాల బిల్లులో తప్ప ఎవరూ వాడటం లేదు.

యాభై దాటిన సోషల్ సారు. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక టెస్టరు. పెళ్లికి పోతే అందరూ పిల్లాపిలగాని జోడీ చూస్తారు, ఈయన మంటపానికి కరెంటు ఎక్కడి నుంచి లాగారో చూస్తాడు. అక్షింతలు వేసి వస్తూ వస్తూ ఫంక్షన్ హాలు గోడకున్న ప్లగ్గులో టెస్టరు పెట్టి, పదిహేను యాంపులదైతే ఓనరును పిలిచి మెచ్చుకుంటాడు.

ప్లాన్లు వేసుకుంటూ బతికే ఈ జాతి కొత్తదేం కాదు. ఇంటి ప్లాను గీయించి పదేండ్లు బీరువాలో మడిచి పెట్టుకున్నవాళ్లు, బిడ్డ తొమ్మిదిలో ఉండగానే ఎంసెట్ కౌన్సెలింగ్ కాయితాలు జిరాక్సు తీసి పెట్టుకున్నవాళ్లు మీ వాడలోనూ ఉంటారు. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక వీళ్లకు చేతినిండా పని దొరికింది. డీజిల్ బండి మనిషి ఆలోచించకుండా పోతాడు, బంకు దానంతట అదే ఎదురొస్తుంది. బ్యాటరీ బండి మనిషి ముందు కూర్చుని లెక్క వేయాలి. సోనౌలీ సారుకు కావలసిందే అది.

కారు కొనడం వెనక కూడా లెక్కే ఉంది. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవని తెలంగాణ సర్కారు చెప్పగానే సారు క్యాలిక్యులేటర్ తీశాడు. కొనకపోతే ఎంత నష్టమో తేలింది. కొన్నాక ఎంత మిగిలిందో కూడా తేలింది. మిగిలిన పైసలను ఊకెనే ఉంచితే ఖర్చయిపోతాయి కాబట్టి, వాటితో ఇంటిల్లిపాదీ అదే కారులో ఫారిన్ పోవాలని నిర్ణయమైంది. ఇంటిల్లిపాది అంటే సారు, ఆయన భార్య మా వదిన, ఆయన తల్లి మా పెద్దమ్మ, ఇంటరు చదివే బిడ్డ, ఆరో తరగతి కొడుకు. ఐదు సీట్లు, ఐదుగురు మనుషులు. ఆ ఒక్క లెక్కే మొదటిసారికి కుదిరింది.

దేశం ఎన్నిక కొన్నాళ్లు నడిచింది. శ్రీలంక అన్నాడు, మధ్యలో సముద్రం అడ్డమొచ్చింది. భూటాన్ అన్నాడు. అక్కడ మన దేశం వాళ్లు రాత్రికి మనిషికి 1,200 రూపాయల చొప్పున కట్టాలి, ఆరు నుంచి పన్నెండేండ్ల పిల్లలకైతే అందులో సగం. పెద్దవాళ్లు నలుగురికి 4,800, పిల్లగానికి 600, వెరసి రాత్రికి 5,400. హోటలు కిరాయి మళ్లీ వేరే. ఈ లెక్క చదివి వినిపిస్తే పెద్దమ్మ ఒక్క మాటే అడిగింది: "నా పక్క మీద నేను పండుకుంటే గాళ్లకెందుకియ్యాలె కొడుకా?" భూటాన్ అక్కడితో కొట్టేశారు.

మిగిలింది నేపాల్. అదైతే పెద్దమ్మకు ముందే ఇష్టం. ఆమె లెక్కలో దారిలో కాశీ ఉంది, చివర పశుపతినాథుడు ఉన్నాడు, మధ్యలో ఉన్న మధ్యప్రదేశ్ ఎట్లాగూ దాటవలసిందే. సారుకు ఇంకో ఆధారం కూడా దొరికింది. మా మండలంలోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులున్నాయి. వియన్నాలో పుట్టిన ఆ పండితుడు రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇక్కడ చిక్కుకుపోయి, నిజాం రాజ్యంలో గోండుల మధ్య బతికి, తరువాత నేపాల్ పోయి షెర్పాల మధ్య తిరిగి 1964లో వాళ్ల మీద పెద్ద పుస్తకం వేశాడు. "చూసినవా తమ్మీ, జైనూర్ నుంచి నేపాల్‌కు తొవ్వ ఎప్పుడో పడ్డది. మనం కొత్తగ పోతలేం" అని నాకు రెండు గంటలు చెప్పాడు. ఆయన ఎడ్లబండి మీద తిరిగిన కాలం వాడు, రేంజి బాధ లేకుండె కదా సారూ అంటే, ఎడ్లకు కూడా రేంజి ఉంటుందని ఇంకో గంట చెప్పాడు.

ఇక ప్లాను. అది ఫోన్లో లేదు, బడి హాజరు రిజిస్టరులో ఉంది. పిల్లల పేర్లుండే చోట ఛార్జింగ్ స్టేషన్ల పేర్లు: ఆదిలాబాద్, పాండర్‌కవడ, హింగన్‌ఘాట్, నాగపూర్, సివనీ, జబల్‌పూర్, రీవా, వారణాసి, గోరఖ్‌పూర్, సోనౌలీ. సుమారు 1,300 కిలోమీటర్ల బడి. ప్రతి ఆదివారం పొద్దున చాయ్ తాగి, సారు వరుసగా ఫోన్లు చేస్తాడు. ఎత్తి నడుస్తుందంటే హాజరు, మెషీను పాడైందంటే గైర్హాజరు, ఎత్తకపోతే ఎర్ర సిరాతో చుక్క. వరుసగా మూడు వారాలు రాని స్టేషన్ పేరు కొట్టేసి, పక్క ఊరి దాన్ని అడ్మిషన్ చేసుకుంటాడు. మహారాష్ట్ర వైపున్న ఒక స్టేషను వాచ్‌మన్ ఇప్పుడు గొంతు గుర్తుపట్టి, "మాస్టర్ జీ, మెషీన్ చాలూ హై, ఆప్ కబ్ ఆ రహే హైఁ?" అని తనే ముందు అడుగుతున్నాడట. ఇంకా ఫిక్స్ కాలేదంటాడు సారు. వాచ్‌మన్ బిడ్డ పెళ్లికి మాత్రం ఫోన్‌పేలో కట్నం చదివించాడు.

లెక్కంతా యూనిట్లలో నడుస్తుంది. బ్యాటరీ నలభై యూనిట్లది. స్పీడు పెరిగితే యూనిట్లు మండుతాయి కాబట్టి డెబ్భై దాటొద్దు. ఏసీ యూనిట్లు తింటుంది కాబట్టి అద్దాలు దించుకోవాలి. అద్దాలు దించితే గాలి ఎదురు తన్ని మళ్లీ యూనిట్లు తింటుంది కాబట్టి సగమే దించాలి. ఇట్లా అద్దం దాకా దిగిన మనిషి సామాను దాకా దిగక మానడు కదా. ఒకరోజు పత్తి కాంటా తెచ్చి ఇంటి ముందు వేలాడదీశాడు. పెద్దమ్మ సర్దిన జొన్నపిండి, మామిడికాయ తొక్కు, సర్వపిండి మూకుడు, నాలుగు చీరలు ఒక్కొక్కటే తూచి రాశాడు. మూకుడు దగ్గర పంచాయితీ అయింది. మూకుడు ఉంటే కిలోమీటరున్నర రేంజి తగ్గుతుందని సారు, మూకుడు లేకుంటే తాను రానని పెద్దమ్మ. ఆమె రాకపోతే ఎన్ని కిలోమీటర్లు పెరుగుతుందో సారు లెక్కవేయబోతే వదిన క్యాలిక్యులేటర్ గుంజుకుంది.

ఇంతకూ ఈ కారు ఎక్కడికైనా పోయిందా అంటే పోయింది. లక్షెట్టిపేటలో అత్తగారింటికి పోయింది. కెరమెరి ఘాట్ దిగుతుంటే బ్రేకు పడినప్పుడల్లా బ్యాటరీలోకి కొంత కరెంటు వాపసు వస్తుంది. ఆసిఫాబాద్ చేరకముందే ఆపి నాకు ఫోను చేశాడు: "తమ్మీ, పుణ్యానికి రెండు శాతం పెరిగింది!" తిరుగు ప్రయాణంలో అదే ఘాట్ ఎక్కేటప్పుడు ఎంత పోయిందో మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అత్తగారింటి కథ అంతకన్నా గొప్పది. ఇంటి ప్లగ్గుకు ఎర్తింగు సరిగ్గా లేకపోతే ఈ బండి ఛార్జింగ్ తీసుకోదు. పాత ఇండ్లలో మూడో రంధ్రం పేరుకే ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. అల్లుడు వస్తున్నాడంటే వెనకట మామగారు పుంజును పట్టేవాడు. ఇప్పుడు గడ్డపార పట్టాడు. పెరట్లో లోతుగా గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వరసలుగా పోసి, పైపు దించి, నీళ్లు పోసి, తీగ లాగేసరికి పొద్దుగూకింది. ప్లగ్గు పెట్టాక బ్యాటరీ నిండటానికి పన్నెండు గంటలు. ఈ పన్నెండు గంటలూ సారు కారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అత్తగారు అన్నం అక్కడికే పంపింది. కూర ఉప్పు లేకుండా ఉందట. ఉన్న ఉప్పంతా గుంతలో పోస్తిరి కదా అందట ఆమె.

నవ్వుతున్నానని కాదు గానీ, సారు చెప్పేవి అబద్ధాలు కావు. నేపాల్ గురించి ఆయన చెప్పేవి నేను ఊరికే కోతలనుకున్నాను, కావు. అక్కడి కరెంటు దాదాపు అంతా నదుల మీదనుంచే వస్తుంది. 2015లో సరిహద్దు మూసుకుపోయి పెట్రోలుకు అంగలార్చినాక ఆ దేశం బ్యాటరీ బండ్ల వైపు గట్టిగా తిరిగింది. ఇప్పుడు అక్కడ కొత్తగా దిగే కార్లలో ఎక్కువ భాగం అవే. కాట్మండులో కరెంటు మీద నడిచే సఫా టెంపోలు 1990ల నుంచే తిరుగుతున్నాయి, వాటిని నడిపేవాళ్లలో చాలామంది ఆడవాళ్లు. సరిహద్దు దాటాక మనకు ఇబ్బందే లేదని సారు ఘంటాపథంగా చెబుతాడు. ఇబ్బంది అంతా సరిహద్దు దాకా పోవడంలోనే ఉంది. అసలు ఇబ్బంది ఇంటి గేటు దాటడంలో ఉందని వదిన అంటుంది.

నేపాల్ గడియారం మనకంటే పదిహేను నిమిషాలు ముందు నడుస్తుంది. అలవాటు కావాలని సారు ఇంట్లో గడియారాన్ని ఇప్పటినుంచే పదిహేను నిమిషాలు ముందుకు జరిపాడు. దానివల్ల జరిగిన ఒకే ఒక్క మార్పు, సారు బడికి తొందరగా రావడం. హెడ్మాస్టరు మాత్రం ఈ యాత్ర పూర్తి కావొద్దని దేవునికి మొక్కుతున్నాడు.

కాయితాల సంగతి. వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే చాలు. ఆధార్ మాత్రం పదిహేనేండ్ల లోపు వాళ్లకు, అరవై అయిదు దాటినవాళ్లకే చెల్లుతుంది. కారుకు సరిహద్దు దగ్గర రోజుల లెక్కన భన్సార్ అనే సుంకం కట్టి పర్మిటు తీసుకోవాలి. పెద్దమ్మకు ఆధార్ చాలనుకున్నారు. తీసి చూస్తే పుట్టిన తేదీ జనవరి ఒకటి, వయసు అరవై మూడు. సారుకు యాభై రెండు. ఈ లెక్కన నన్ను పదకొండో ఏట కన్నవా అవ్వా అని సారు కార్డు సరిచేయించడానికి ఉట్నూరుకు నాలుగు సార్లు తిరిగాడు. నాలుగోసారి వచ్చాక పెద్దమ్మ దేవుని అర్రలోంచి ఓటరు కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. "ఇందిరమ్మ కాలంనుంచి ఓటేస్తున్న, నన్నడిగినవా?" ఆ ఇంట్లో ప్రయాణానికి పూర్తిగా తయారుగా ఉన్నది ఆమె ఒక్కతే.

ఇక తేదీ. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర, ఇంటినిండా చుట్టాలు. మార్చి, ఏప్రిల్ పరీక్షలు. మేలో సెలవులే గానీ విదర్భ ఎండ. ఏసీ వేస్తే రేంజి పోతుంది, వేయకపోతే అవ్వ పోతుంది. జూన్ నుంచి వానలు, నేపాల్ కొండదారులు విరిగిపడే కాలం. దసరా సెలవులు ఉన్నాయంటే, వాళ్లకూ దసరానే, దశైం అంటారు, కాట్మండు సగం ఊళ్లకు పోతుంది. దీపావళికి దండారి, గుస్సాడీ ఆటలు. ఆ వెంటనే పత్తి ఏరాలి, సారుకు నాలుగెకరాలుంది. డిసెంబరులో గోరఖ్‌పూర్ దారిలో పొగమంచు. ఏడాదిలో ఇంకేమైనా నెలలు మిగిలితే చెప్పండి, సారుకు ఫోను చేస్తాను.

ఒకసారి బిడ్డ ఎక్కడో చదివి తండ్రికి చెప్పింది. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె, భర్త తయారుచేసిన కారులో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి వందకు పైగా కిలోమీటర్ల దూరంలో ఉన్న పుట్టింటికి పోయింది. అప్పటికి భూమ్మీద పెట్రోలు బంకే లేదు. దారిలో ఒక మందుల దుకాణంలో ఇంధనం కొని పోసుకుంది. పోతున్నట్టు భర్తకు చెప్పలేదు. సారు మందుల దుకాణం మీద ఆలోచనలో పడ్డాడు. వదిన మాత్రం, "మొగనికి చెప్పకుండ పోయిందా? తెలివిగల్లది. చెప్తే ఇంకా మాన్‌హైమ్‌లనే ఉండు" అంది.

పోయిన సెలవుల్లో మా పీఈటీ సారు రాత్రి పదింటికి అనుకుని, తెల్లారి ఐదింటికి తన డీజిల్ జీపులో భార్యాపిల్లలతో నేపాల్ బయలుదేరాడు. పోతూ పోతూ సోనౌలీ సారు ఇంటిముందు ఆగి రిజిస్టరు జిరాక్సు అడిగాడు. సారు సంతోషంగా ఇచ్చాడు, మడతలు పడకుండా ఫైలులో పెట్టి మరీ ఇచ్చాడు. వాళ్లు కాశీ చూసి, లుంబిని చూసి, పశుపతినాథ్ చూసి, పెద్దమ్మకు రుద్రాక్షమాల తెచ్చారు. ఏ ఊర్లో తిండి బాగుంటుంది, ఏ ఊర్లో రాత్రి ఆగాలి, భన్సార్ కిటికీ ఎటువైపు, అన్నీ రిజిస్టరులో రాసినట్టే ఉన్నాయట, ఒక్కటి తప్పలేదట. సారు అంతా విని, "రీవాల ఛార్జర్ నడుస్తున్నదా చూసినవా?" అని అడిగాడు. డీజిల్ బండికి ఛార్జర్ నేనెందుకు చూస్త సారూ అన్నాడు పీఈటీ. సారు రిజిస్టరు తెరిచి రీవా ఎదురుగా ఎర్రచుక్క పెట్టుకున్నాడు.

మీలో ఎవరైనా మా వైపు నుంచి కారులో నేపాల్ పోయేదుంటే జైనూర్‌లో ఒక పూట ఆగండి. రిజిస్టరు జిరాక్సు పైసా తీసుకోకుండా ఇస్తాడు, వదిన చాయ్ పోస్తుంది, బ్యాటరీ బండైతే అన్నం కూడా పెట్టి పన్నెండు గంటలు ఛార్జింగ్ పెట్టుకోనిస్తారు. ఇంటి నుంచి ఓటరు కార్డు తెచ్చుకోండి. వెనక సీటులో ఒక చోటు ఖాళీ ఉంటే పెద్దమ్మను అడగండి, ఆమె సంచీ సర్దే ఉంది. సారును మాత్రం ఎప్పుడు బయలుదేరుతున్నారని అడగకండి.