మేకు రంధ్రాల లెక్క

నేను గీజర్‌ని. హైదరాబాదు నిజాంపేటలో ఒక అద్దె ఫ్లాటు బాత్‌రూమ్ గోడకు వేలాడుతూ బతికాను. 15 లీటర్ల పొట్ట, 2 కిలోవాట్ల ఎలిమెంటు. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఒక్క మెగ్నీషియం కడ్డీ తప్ప. నా కడుపులో ఉండేది. నీళ్ళు ముందు దాన్నే తింటాయి. అది మిగిలున్నంత కాలం నా ఉక్కు ట్యాంకు జోలికి తుప్పు రాదు. ఉప్పునీళ్ళున్నచోట ఏడాదికోసారైనా విప్పి చూసి, అరిగిపోతే మార్చాలి. నాది ఎవరూ విప్పలేదు.

మా అపార్ట్‌మెంటుకు బోరు నీళ్ళే గతి. ఎండాకాలం ట్యాంకరు వస్తుంది, అదీ ఎక్కడో బోరుదే. కుళాయిల మీద తెల్లగా మరకలు కడతాయే, ఆ సున్నమే నా ఎలిమెంటు మీద రాయిలా పేరుకుంది. స్విచ్ వేస్తే లోపల పటపటమని చప్పుడు. అది నా మూలుగు. బకెట్టు నిండితే చాలనుకునేవాళ్ళకు అదెక్కడ వినిపిస్తుంది?

మా ఓనరు డాలస్‌లో ఉంటాడు. అద్దె టైముకు పడితే ఇల్లు బాగున్నట్టేనని ఆయన లెక్క. ఎవరైనా ఖాళీ చేసేటప్పుడు మాత్రం వాళ్ళ బాబాయి గారు ఫోను పట్టుకుని వచ్చేవారు. వీడియోలోంచి ఓనరు గొంతు: “ఆ హాలు గోడ దగ్గరగా చూపించు బాబాయ్. ఎన్ని మేకులు కొట్టారు?” మేకు రంధ్రాలు లెక్కపెట్టేవారు, స్టిక్కరు మరకలు లెక్కపెట్టేవారు. పెయింటింగు పేరిట అడ్వాన్సులో కోసేవారు. చివరగా బాత్‌రూమ్ తలుపు తీసి, లైటు వేసి, “బానే ఉందిరా” అని మూసేసేవారు. నా స్విచ్చి నొక్కిన పాపాన పోలేదు.

ఆ కోతల భయం ఎంత దూరం పోయిందో వినండి. నీళ్ళు కాగుతున్నప్పుడు నా సేఫ్టీ వాల్వులోంచి నాలుగు చుక్కలు కారతాయి, లోపలి ఒత్తిడి పోవడానికి. ఆగకుండా కారితే మెకానిక్‌ని పిలవాలి. నాది అలాగే కారుతుంటే ఒక కుర్రాడు చూశాడు. చెబితే అడ్వాన్సులో కోస్తారేమోనని, ఆ మూతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బైండింగు వైరుతో బిగించాడు. పొయ్యి మీది కుక్కరుకు విజిల్ మూసేసినట్టు! థర్మోస్టాట్ పనిచేస్తోంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ కథ చెప్పడానికి నేనూ, వినిపించుకోవడానికి ఆ బాత్‌రూమూ ఉండేవి కావు. అతను ఖాళీ చేసిన రోజు బాబాయి గారు హాల్లో మేకులే లెక్కపెట్టారు. ట్యూబు అలాగే ఉంది.

తర్వాత దిగిన కుటుంబానికి కుళాయి పట్టుకుంటే జివ్వుమనేది. ఎర్త్ వైరు ఎప్పుడో ఊడింది. వాళ్ళు రబ్బరు చెప్పులేసుకుని స్నానాలు చేశారు గానీ ఎవరికీ చెప్పలేదు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ టెస్టు బటన్ నొక్కి, అది పడుతోందో లేదో చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? సింకు కింద చెయ్యి పెట్టి చెమ్మ తడమడానికి, బాల్కనీ డ్రెయిను మూసుకుపోయిందేమో చూడ్డానికి? ఇవి జనం కాపురముంటుండగా చూడాల్సినవి, ఆర్నెల్లకోసారైనా. ఖాళీ చేసే రోజు చూసేది తప్పెవరిదో తేల్చడానికే. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్టులో ఓనరు కనీసం 24 గంటల ముందు నోటీసిచ్చి రావచ్చని ఉంది. మా ఓనరుకు నోటీసిచ్చే తీరిక కూడా లేకపోయింది.

కడ్డీ పూర్తిగా కరిగిపోయాక ట్యాంకు అడుగున తుప్పు మొదలైంది. గోడ చెమ్మెక్కింది, పెచ్చులూడింది. కింది ఫ్లాటువాళ్ళ ఫాల్స్ సీలింగు ఒక ముక్క ఊడి వంటగట్టు మీద పడ్డాక గానీ నేను ఎవరి కంటా పడలేదు.

అప్పుడొచ్చారండీ అందరూ! అసోసియేషను సెక్రటరీ, ప్లంబరు, బాబాయి గారు, వీడియోలో ఓనరు. “ముందే చెప్పొచ్చు కదండీ” అంటాడాయన. “మీరెప్పుడైనా వచ్చి చూశారా అంకుల్?” అంటుంది అద్దెకున్నావిడ బాబాయి గారితో. ఎవరో ఫోన్లో ఆ మోడల్ చట్టంలోని రిపేర్ల జాబితా తీశారు. పైపులు మార్చడం, వైరింగు ఓనరు పద్దులో ఉన్నాయి. గీజర్ రిపేరు అద్దెకున్నవాళ్ళ పద్దులో ఉంది. ఇక నేను కారానా, నా వెనక పైపు కారిందా అని వాదన. ఆ వాదన తేలకముందే ప్లంబరు నన్ను దించి మెట్ల దగ్గర పడేశాడు. పాత సామాన్లవాడు తూకమేసి ఇచ్చిన డబ్బు వాచ్‌మన్ టీకి పోయింది. కింది ఫ్లాటువాళ్ళ సీలింగు బిల్లు మాత్రం ఇంకా ఇద్దరి వాట్సాపుల మధ్యా తిరుగుతూనే ఉందట.