మాత్రకు లొంగని మహావీరులు

మన దగ్గర బీపీ మాత్రకున్నంత చెడ్డపేరు బ్రాందీకి కూడా లేదు. తాగేవాణ్ణి చూసి "మంచివాడే పాపం, ఎప్పటికైనా మానేస్తాడు" అంటారు. మాత్ర వేసుకునేవాణ్ణి చూస్తే మాత్రం "అయ్యయ్యో, అప్పుడే అలవాటైపోయిందా!" అని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకుంటారు.

తెల్లారి కాఫీ చుక్క పడందే మంచం దిగని పెద్దమనిషి, ఆవకాయ లేనిదే ముద్ద మింగని పెద్దమనిషి, డాక్టరు ముందు కూర్చుని "నాకు దేనికీ అలవాటు పడటం ఇష్టం ఉండదండీ" అంటాడు. మాత్ర ఒకసారి మొదలెడితే జీవితాంతం వేసుకోవాలట. కనుక మొదలే పెట్టడు. ఇదే వేదాంతం కళ్లజోడు దగ్గర పనిచేయదు. అక్షరాలు కనబడకపోతే వెంటనే తెలిసిపోతుంది కదా. బీపీతో ఆ ఇబ్బంది లేదు. 160 దాటినా చాలామందికి తలనొప్పి రాదు, కళ్లు తిరగవు. గుండె కండరం మందమెక్కుతున్నా, మూత్రపిండాల్లో సన్నని నాళాలు పాడవుతున్నా చప్పుడుండదు. "గుండ్రాయిలా ఉన్నాను, నాకేం రోగం?" అని మీసం దువ్వుకోవచ్చు.

ఇంట్లో పోరు పడలేక మొదలుపెట్టినవాడి కథ ఇంకా రసవత్తరం. 160/100 కాస్తా నెల తిరిగేసరికి 128/80కి దిగుతుంది. దింపింది మాత్ర, బిరుదు ఈయనది. "తగ్గిపోయిందిగా, ఇంకెందుకు?" అని మాత్రల అట్టను ఫ్రిజ్ మీదకి విసిరేస్తాడు. మర్నాడు మెడికల్ షాపులో చూపించుకుంటే 130. ఇక అపార్టుమెంటంతా ఉపన్యాసమే. అసలు కిటుకు ఏమిటంటే, మనవాళ్లు బాగా వాడే ఆమ్లోడిపిన్ రక్తంలో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. మర్నాటి ఆ 130 నిన్నటి మాత్ర చలవే. కొన్నాళ్లకు బీపీ మెల్లగా పాత చోటికి చేరేసరికి, ఈయన కొలిపించుకోవడం కూడా మానేసి ఉంటాడు.

రూజ్‌వెల్ట్‌కు ఈ స్వేచ్ఛ లేదు. 1944 మార్చిలో హోవార్డ్ బ్రూయెన్ అనే గుండె డాక్టరు చూసినప్పుడు ఆ అమెరికా అధ్యక్షుడి బీపీ 186/108. డిజిటాలిస్ అనే గుండె మందు, విశ్రాంతి, ఉప్పు తగ్గింపు: అప్పటి వైద్యుల చేతిలో ఉన్నది ఇంచుమించు అంతే. 1945 ఏప్రిల్ 12న తల వెనుక భరించలేని నొప్పి అన్నాడు, కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావం. అప్పుడు కొలిస్తే 300/190. మహాయుద్ధం నడుపుతున్న మనిషికి దొరకని మాత్ర ఇవాళ మన పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. అది వెళ్లి ఫ్రిజ్ మీద దుమ్ము కొట్టుకుపోతుంది.

"ఇంగ్లీషు మందులు మనకు పడవండీ" అనేవాళ్లు వేరే శాఖ. వాళ్లకో శుభవార్త: 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధి బీపీని తగ్గిస్తుందని బ్రిటిష్ వైద్య పత్రికలో రాసి ప్రపంచాన్ని మనవైపు తిప్పాడు. దుర్వార్త: దాన్నీ రోజూ మింగాల్సిందే. పైగా ఆ వేరులోంచి తీసిన రెసర్పిన్ మనసును కుంగదీస్తుందని తర్వాత ఫిర్యాదులొచ్చాయి.

మాత్రలతో చిక్కులు లేవని కాదు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, ఎనలాప్రిల్ జాతి మందులతో కొందరికి పొడిదగ్గు. ఆ మాట చెబితే డాక్టరు మందు మారుస్తాడు. బరువు, ఉప్పు నిజంగా తగ్గించి చూపిస్తే మోతాదూ తగ్గించవచ్చు. ఇదంతా చెప్పే ఓపిక డాక్టర్లకూ ఉండాలనుకోండి. తలెత్తకుండా చీటీ రాసి "నెక్స్ట్" అనేవాళ్లు ఇలాంటి వీరుల్ని టోకున తయారుచేస్తున్నారు.

బీమా కంపెనీ వైద్యపరీక్షకు రమ్మంటే మాత్రం మనవాడికి ఫ్రిజ్ గుర్తొస్తుంది. రెండ్రోజుల ముందు నుంచీ రెండేసి మాత్రలు మింగి, "బీపీ ఉందా?" అన్న ప్రశ్నకు "లేదు" అని టిక్కు పెట్టి, దర్జాగా చెయ్యి చాపుతాడు. యంత్రం 126 చూపిస్తుంది. నామినీ పేరు దగ్గర భార్య పేరు అక్షరం పొల్లుపోకుండా రాసి, సంతకం పెడతాడు.